మారినవాణ్ణి మారనియ్యని ఈల

పేల్ రైడర్ సినిమాలో ఒక పాస్టరు బ్యాంకుకి పోతాడు. అక్కడ తను దాచిపెట్టుకున్న పెట్టె ఒకటి తెరుస్తాడు. మెడకున్న తెల్ల పట్టీ తీసి అందులో పెడతాడు, లోపలున్న తుపాకులు తీసుకుంటాడు. మా ఇంట్లో ఆ సీను వచ్చినప్పుడు మా మామ ఈల వేసినాడు, మా అన్న చప్పట్లు కొట్టినాడు, నేను మంచం మీద లేచి నిలబడి కేక పెట్టినాను. ఈ వ్యాసం ఆ ఈల మీద నా ఫిర్యాదు. నా కేక మీద కూడా.

ముందు సినిమా సంగతి చెప్పాలి, చూడనివాళ్ళు ఉంటారు. మా మామకి కౌబాయ్ సినిమాలంటే పిచ్చి. అది ఆయనకి మా అవ్వ నుంచి వచ్చింది. 1971లో కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చినప్పుడు అవ్వ టూరింగ్ టాకీసులో మూడుసార్లు చూసిందంట. మామ బెంగళూరు నుంచి శనివారం వస్తూ లాప్‌టాప్‌లో పాత ఇంగ్లీషు సినిమాలు తెస్తాడు. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, నేను చదివి అవ్వకి తెలుగులో చెప్తాను. అందువల్ల నేను ఏ సినిమానైనా రెండుసార్లు చూసినట్టే లెక్క, ఒకసారి కళ్ళతో, ఒకసారి నోటితో.

పేల్ రైడర్ 1985లో వచ్చింది. క్లింట్ ఈస్ట్‌వుడ్ తనే తీసి తనే నటించినాడు. కొండ లోయలో కొందరు బీదవాళ్ళు వాగులో ఇసుక జల్లెడ పట్టి బంగారం వెతుక్కుంటూ ఉంటారు. లాహుడ్ అనే పెద్ద కంపెనీ ఆసామి గొట్టాలతో నీళ్ళు చిమ్మి కొండనే కోసి పారేస్తుంటాడు. బీదవాళ్ళ జాగా కూడా వాడికి కావాలి. వాడి మనుషులు గుర్రాల మీద వచ్చి గుడిసెలు పడగొడతారు, మెగన్ అనే అమ్మాయి కుక్కపిల్లని చంపేస్తారు. ఆ పిల్లది ఇంచుమించు నా వయసే. కుక్కపిల్లని పూడ్చిపెట్టి, దేవుడా ఒక్క మంచి జరిపించు అని ప్రార్థన చేస్తుంది. అప్పుడే కొండల్లోంచి ఒక మనిషి తెల్లగుర్రం మీద దిగి వస్తాడు. వాడే పాస్టరు. చొక్కా విప్పినప్పుడు చూస్తే వీపు మీద ఆరు తూటాల మచ్చలు ఉంటాయి. అంటే ముందు ఏదో వేరే బతుకు బతికినవాడు. పేరు చెప్పడు, పాత కథ చెప్పడు.

సినిమా బాగుంటుంది, అబద్ధం చెప్పను. పాస్టరు వచ్చినాక ఆ బీదవాళ్ళు తల ఎత్తుకుని నడుస్తారు. లాహుడ్ ఆయనకి, పట్నంలో నీకు కొత్త చర్చి కట్టిస్తాను అని ఆశ చూపిస్తాడు. ఆయన వద్దంటాడు. ఆ వద్దన్న మాట నాకు ఆ సినిమాలో అన్నిటికంటే నచ్చింది. కానీ మా ఇంట్లో ఆ సీనుకి ఎవరూ ఈల వెయ్యలేదు. మామ ఆ టైములో మంచినీళ్ళు తాగడానికి లేచిపోయినాడు.

ఈల వచ్చింది బ్యాంకు దగ్గర. తర్వాత ఏడుగురు వస్తారు, స్టాక్‌బర్న్ అనే మార్షలు, వాడి ఆరుగురు డిప్యూటీలు. పాస్టరు ఒక్కొక్కణ్ణీ వెతికి వెతికి చంపుతాడు. చివర గుర్రమెక్కి వెళ్ళిపోతాడు. మెగన్ వెనక పరుగెత్తుకుంటూ పోయి థాంక్స్ చెప్తుంది.

నా ప్రశ్న చాలా చిన్నది. నిజంగా మారిన మనిషి అయితే బ్యాంకులో ఆ పెట్టె ఎందుకు? తాగుడు మానేసిన మనిషి బీరువాలో ఒక సీసా దాచుకుంటాడా? దాచుకుంటే ఆ ఇంటి ఆడవాళ్ళు మానేసినాడు అంటారా? సినిమా మనకి చెప్పేది ఇదే: వీడు మారలేదు, ఊరికే కొన్నాళ్ళు పట్టీ కట్టుకున్నాడు, లోపల వీడు పాతవాడే, పాతవాడు బయటికి వచ్చిన నిమిషమే అసలు నిమిషం. మనం డబ్బు పెట్టేది ఆ నిమిషానికే.

ఇది ఒక్క సినిమా తప్పు కాదు. 1916లో వచ్చిన హెల్స్ హింజెస్ అనే మూకీ సినిమా ఉంది. అందులో పాస్టరే చెడిపోతాడు, అతన్ని తరమడానికి వచ్చిన బ్లేజ్ ట్రేసీ అనే తుపాకీ మనిషి మారిపోతాడు. అప్పట్లో పేరున్న విలియం ఎస్. హార్ట్ ఆ వేషం వేసినాడు. ఆహా, మారినాడు అనుకుంటాం. తర్వాత ఏం చేస్తాడు? రెండు చేతుల్లో రెండు తుపాకులు పట్టుకుని సారాయి అంగడిని తగలబెడతాడు, దాంతో ఊరంతా కాలిపోతుంది. 1969లో గ్లెన్ ఫోర్డ్ సినిమా ఒకటి, తుపాకీ వదిలి పాస్టరైన జిమ్ కిలియన్ కథ. దాని పేరే హెవెన్ విత్ ఎ గన్. స్వర్గం పక్కన తుపాకీ లేకపోతే టికెట్లు తెగవని పేరు పెట్టినవాళ్ళకి తెలుసు.

మనవాళ్ళేం తక్కువ తినలేదు. బాషాలో రజనీకాంత్ ఆటో మాణిక్యంగా స్తంభానికి కట్టేయించుకుని దెబ్బలు తింటాడు, చెయ్యి ఎత్తడు. ఆ సీనులో హాల్లో అందరూ పళ్ళు కొరుకుతూ ఉంటారు. కొట్టరా, కొట్టరా అని. చెల్లెలి మీద చెయ్యి పడినప్పుడు మాణిక్యం పోయి బాషా లేస్తాడు, హాలు ఊగిపోతుంది. దెబ్బ తిని ఊరుకున్న మాణిక్యం ఎంత కష్టపడినాడో ఎవరికీ పట్టదు. కొట్టడం ఆయనకి కష్టమా? ఊరుకోవడమే కదా కష్టం.

మామతో ఇదంతా చెప్తే ఆయన ఒక్క మాట అడిగినాడు. “సరే పాపా, ఏడుగురు తుపాకులు పట్టుకొస్తే ఏం చెయ్యమంటావు? బైబిల్ చదవమంటావా? ఆ బీదోళ్ళంతా చచ్చిపోతారు కదమ్మా.”

ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా ఊరికే అహింస, అహింస అంటే అది ఉపన్యాసం అవుతుంది. మామే ఇంకో శనివారం తెచ్చిన సినిమాలో నాకు సగం జవాబు దొరికింది. సగమే.

ఆ సినిమా స్టార్స్ ఇన్ మై క్రౌన్. 1950, నలుపు తెలుపు. జాక్ టూర్నర్ డైరెక్టరు. ఈ కథ అంటే ఆయనకి ఎంత ఇష్టమంటే తక్కువ జీతానికే ఒప్పుకుని చేసినాడు. అమెరికాలో అన్నదమ్ముల యుద్ధం అయిపోయినాక, ఆ యుద్ధం చేసిన జోసయ్య గ్రే అనే సిపాయి పాస్టరై వాల్స్‌బర్గ్ అనే చిన్న ఊరికి వస్తాడు. జోయెల్ మెక్‌క్రీ ఆ వేషం వేసినాడు. మొదటిరోజు నేరుగా సారాయి అంగడిలోకి పోయి, ఇక్కడే ప్రసంగం చెప్తానంటాడు. తాగేవాళ్ళంతా నవ్వుతారు. అప్పుడు రెండు పిస్తోళ్ళు బయటికి తీస్తాడు. అందరూ నోరు మూసుకుని వింటారు.

మామ వెంటనే “చూసినావా, వీడూ తుపాకీతోనే మొదలుపెట్టినాడు” అన్నాడు. నిజమే. నేను దాన్ని దాచను. భయపెట్టి వినిపించిన ప్రసంగం అది. కానీ మామ చూడనిది ఒకటుంది. ఈ సినిమాలో తుపాకీ మొదట వస్తుంది, చివర రాదు. మిగతా సినిమాల్లో చివర వస్తుంది. నాకు తేడా అంతా అక్కడే ఉంది.

మధ్యలో ఊరికి టైఫాయిడ్ వస్తుంది. జబ్బు ఇంటింటికీ మోస్తున్నది పాస్టరేనేమో అని కుర్ర డాక్టరుకి అనుమానం. ఊరికి మంచి చెయ్యాలని వచ్చిన మనిషి ఎవరి ఇంటికీ పోకుండా కూర్చోవాల్సి వస్తుంది. చివరికి జబ్బు వచ్చింది బడి బావి నుంచి అని తేలుతుంది. అనుమానం పడినప్పుడు ఆయన డాక్టరుతో కొట్లాడి ఊరంతా తిరగడు. ముఖం వాడిపోయి ఇంట్లో కూర్చుంటాడు. మారిన మనిషి ముఖం అట్లే ఉంటుందని నేను అనుకుంటున్నాను. తన మీద తనకే అనుమానం వస్తుంది.

అసలు కథ అంకుల్ ఫేమస్ దగ్గర ఉంది. ఆయన నల్లజాతి ముసలాయన, చిన్న ఇల్లు, కొంచెం భూమి. ఊళ్ళో పిల్లల్ని వెంటేసుకుని చేపలు పట్టడానికి పోతుంటాడు. ఆ భూమి కింద అభ్రకం ఉంది. అంగడి, గని రెండూ ఉన్న బ్యాకెట్ అనేవాడు దాన్ని కొంటానంటాడు. ఈయన అమ్మనంటాడు. ఒక రాత్రి వచ్చి పంట తొక్కించేస్తారు. అయినా కదలడు. ఇక తెల్ల ముసుగులు కప్పుకుని, కాగడాలు పట్టుకుని ఉరి తీయడానికే వస్తారు.

పాస్టరు అక్కడికి ఒంటరిగా పోతాడు. తుపాకీ లేదు. చంపేముందు ఈయన రాయించిన వీలునామా వినండి అని చేతిలో కాగితం చదవడం మొదలుపెడతాడు. అందులో ఫేమస్ తన వస్తువులన్నీ ఒక్కొక్కటి ఒక్కొక్కరికి రాసిచ్చినాడు. ఎవరికి? ముసుగుల్లో నిలబడినవాళ్ళకే. పేరు పేరునా చదువుతాడు, నువ్వు చిన్నప్పుడు ఇది చేసినావు, నీకు ఇది ఇస్తున్నాడు అని. ముసుగు వేసుకుంది ఎవరికీ తెలియకూడదని, కానీ పేరు పిలిచేసరికి ముసుగు ఉన్నా లేనట్టే. ఒక్కొక్కరే కాగడా దించేసి వెనక్కి పోతారు. అందరూ పోయినాక జాన్ అనే పిల్లవాడు కాగితం తీసి చూస్తాడు. అందులో ఏమీ రాసి లేదు. తెల్ల కాగితం.

నేను అవ్వకి తెలుగులో చెప్తా ఉన్నాను కదా, ఇక్కడికి వచ్చేసరికి నాకు గొంతు రాలేదు. అవ్వ “ఏమే, ఏం రాసుండాది చెప్పే” అని అడుగుతా ఉంది. “ఏమీ రాసి లేదవ్వా” అన్నాను. అవ్వ కాసేపు ఊరుకుని “మరి అదంతా ఆయన నోటికొచ్చింది చెప్పినాడా! భలేవాడే” అనింది. ఎవరూ ఈల వెయ్యలేదు. మామ మాత్రం “కొంచెం చప్పగా ఉంది” అన్నాడు.

సగం జవాబు అన్నాను కదా, మిగతా సగం కూడా చెప్పాలి. ఈ సినిమాలో తప్పులున్నాయి. బ్యాకెట్‌కి శిక్ష పడదు. ముసుగు వేసుకున్నవాళ్ళు క్షమాపణ చెప్పరు. ఫేమస్ ప్రాణం ఒక తెల్లాయన తెలివి మీద ఆధారపడింది, అది కూడా నాకు నచ్చలేదు. అమెరికాలో అట్లా గుంపులు కట్టి చంపిన నల్లవాళ్ళు 4000 మందికి పైనే అని లెక్క కట్టినారు. అక్కడ ఏ కాగితమూ ఎవరినీ ఆపలేదు. కాబట్టి కాగితం చదివితే గుంపు వెనక్కి పోతుందని నేను మామకి చెప్పడం లేదు. పోలీసులు, కోర్టులు ఉండాల్సిందే. నేను చెప్పేది ఏమంటే, ఆ పాస్టరు గుంపులో ప్రతి ఒక్కరికీ వెనక్కి తిరగడానికి ఒక దారి వదిలినాడు. మీరు హంతకులు అని తిట్టి ఉంటే వాళ్ళు హంతకులే అయి ఉండేవాళ్ళు. ఫలానా పిల్లవాడివి నువ్వు అన్నాడు. వాళ్ళు ఆ పిల్లవాళ్ళు అయినారు.

మనకి ఈ దారి తెలియదా? మన దగ్గర అంగుళిమాల కథ ఉంది. మనుషుల్ని చంపి వేళ్ళు దండగా కట్టుకున్నవాడు బుద్ధుడి దగ్గర భిక్షువైనాడు. ఇక్కడి వరకే మనకి చెప్తారు. తర్వాత భాగం ఎవరూ చెప్పరు. భిక్షకి పోయినప్పుడు ఆయన మీద రాళ్ళు పడినాయి, తల పగిలింది, భిక్షాపాత్ర పగిలింది. ఆయన మారినాడు, ఊరు మారలేదు. నాకు ఆ రెండో భాగమే ముఖ్యం. ఎందుకంటే అది మా తరగతిలో జరిగింది.

ఇక్కడ నుంచి రాసేది ఆ అబ్బాయిని అడిగే రాస్తున్నాను. పేరు వద్దన్నాడు.

ఆరో తరగతిలో ఉన్నప్పుడు వాడు ఒకరి జామెట్రీ బాక్సు, అందులో ఉన్న డబ్బు తీసినాడు. దొరికిపోయినాడు. ప్రార్థన దగ్గర అందరి ముందు నిలబెట్టినారు. అది నాలుగేళ్ళ కిందటి సంగతి. తర్వాత వాడు ఏమీ తీయలేదు. గత రెండేళ్ళుగా మా క్లాసు కుండలో పొద్దున్నే నీళ్ళు నింపేది వాడే, ఎవరూ చెప్పలేదు. చిన్న తరగతుల పిల్లలకి మధ్యాహ్నం తెలుగు అక్షరాలు దిద్దించేది కూడా వాడే. ఆ పిల్లల్లో సగం మందికి ఇంట్లో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు లేరు.

ఉగాది కార్యక్రమానికి మేము పోగేసిన డబ్బు 640 రూపాయలు ఒక మధ్యాహ్నం కనపడలేదు. డబ్బు లేదు అని చెప్పగానే క్లాసులో తలలన్నీ వెనక బెంచీ వైపు తిరిగినాయి. ఎవరూ వాడి పేరు ఎత్తలేదు, తిరిగినాయి, అంతే. వాడు లేచి నిలబడినాడు. ఎవరూ అడగకముందే సంచి తీసి పుస్తకాలు, అన్నం డబ్బా, చిరిగిన గొడుగు అన్నీ బల్ల మీద పెట్టినాడు. జేబులు బయటికి లాగి చూపించినాడు. తర్వాత అన్నీ లోపల పెట్టుకుని కూర్చున్నాడు.

డబ్బు మర్నాడు రసీదు పుస్తకం అట్ట లోపల దొరికింది. దొరికింది, దొరికింది అని అందరూ సంతోషపడినారు. వెనక బెంచీ వైపు ఈసారి ఎవరూ తల తిప్పలేదు.

ఆ రోజు నుంచి వాడు కుండలో నీళ్ళు నింపలేదు. పది రోజులకి ఆటస్థలంలో ఎవడో “దొంగోడా” అంటే వాణ్ణి కొట్టినాడు. పెదవి చిట్లింది. అప్పుడు చూడాలి మా క్లాసుని. “చూస్తిరా? చెప్తిమి కదా?” అని. ఒక పెద్దాయన అయితే “పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు” అని సామెత కూడా చెప్పినాడు. వాళ్ళ ముఖాల్లో కోపం కంటే సంతోషం ఎక్కువ ఉండింది. ఆ సంతోషం నేను ఎక్కడో చూసినాను అనుకున్నాను. ఇంటికి పోయినాక గుర్తొచ్చింది. మా మంచం మీద. పట్టీ తీసి పెట్టెలో పెట్టి తుపాకీ తీసినప్పుడు.

వాడి దగ్గర బ్యాంకు పెట్టె లేదు. వాడు పాత బుద్ధిని ఎక్కడా దాచుకోలేదు. మేమే నాలుగేళ్ళు దాచిపెట్టి, తాళంచెవి మా దగ్గరే ఉంచుకుని, పెట్టె తెరిచి, ఇదిగో నీ తుపాకీ, తీసుకో అని వాడి చేతికి ఇచ్చినాము. తీసుకోగానే ఈల వేసినాము.

కొట్టడం తప్పు, వాడే ఒప్పుకున్నాడు, దెబ్బ తిన్నవాడికి సారీ కూడా చెప్పినాడు. వాడికి మూడు రోజులు క్లాసు బయట నిలబడే శిక్ష పడింది. తలలు తిప్పిన మాకు ఏ శిక్షా పడలేదు, అది నేరం అని ఎక్కడా రాసి లేదు కదా.

పెద్దవాళ్ళని ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఇంట్లో అమ్మానాయనలు “వాడితో తిరగొద్దు” అంటారు. ఎన్నాళ్ళు? దానికి ఒక తేదీ చెప్పండి. జైలు శిక్షకైనా ఇన్నేళ్ళు అని ఉంటుంది. అయ్యవార్లని, అమ్మగార్లని అడుగుతాను. ఆరో తరగతిలో తప్పు చేసినప్పుడు ప్రార్థన దగ్గర అందరి ముందు నిలబెడతారు. రెండేళ్ళు నీళ్ళు నింపినవాణ్ణి అదే ప్రార్థన దగ్గర ఎప్పుడైనా నిలబెట్టినారా? మామ లాంటివాళ్ళు, సినిమాకి జీవితానికి ముడి పెట్టకు అంటారు. ముడి నేను పెట్టలేదు మామా. వారం వారం ఈల వేసి అలవాటు పడిన నోళ్ళు సోమవారం బడికి వస్తాయి, అంతే.

మామ ఇది చదివి “అయితే నేను ఇంక ఈల వెయ్యకూడదా?” అన్నాడు. వెయ్యి మామా. లాహుడ్ చర్చి కట్టిస్తానంటే వద్దన్నాడు చూడు, అక్కడ వెయ్యి. ఆ సీనుకి నువ్వు నీళ్ళు తాగడానికి పోకుండా ఉంటే చాలు.

640 రూపాయలు దొరికిన రోజు క్లాసులో చెప్పాల్సిన మాట ఒకటి ఎవరూ చెప్పలేదు. ఈ పత్రిక అచ్చయి వచ్చేలోపల ఎవరైనా చెప్తారేమో అని చూస్తాను. చెప్పకపోతే ఇక్కడ రాసిందే ఆ మాట అనుకో. డబ్బు నువ్వు తీయలేదు. మేము నీ వైపు తల తిప్పినాము. మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చుని, అందరికంటే ముందు తిప్పింది నేను.